అక్క కాచే తిప్పతీగ

బేతంచెర్లలో నాపబండలు కొలిచి చదరపు అడుగులు లెక్కగట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు. కాగితం లేకుండానే, లారీ నిండేలోపు మొత్తం చెప్పేస్తాను. టేపు పట్టే ఆ వేళ్లే వాచిపోయాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు.

కీళ్లవాతమన్నాడు కర్నూలు డాక్టరు. రోగాలతో పోరాడాల్సిన శక్తే దారి తప్పి నా కీళ్ల మీద పడుతోందట. దాన్ని అణచడానికి మాత్రలు రాశాడు.

ఇంట్లో మా అక్క ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది. కరోనా నాటినుంచి రోజూ వేపచెట్టుకు పాకిన తిప్పతీగ కోసి, మిరియాలు దంచి వేసి కషాయం కాస్తుంది, ఒంట్లో అదే శక్తి పెరగాలని. ఆమె చేతి గ్లాసును కాదనడం నాకు చేతకాదు.

లెక్క వేసుకున్నాను. మాత్ర బలమైనది, కషాయం ఆకు పసరు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసినా మిగిలేది మాత్ర బలమే. రెండూ మింగుతూ వచ్చాను. వాపు మణికట్టుకు ఎక్కింది.

ఈసారి కర్నూలుకు నాతో అక్క కూడా వచ్చింది. డాక్టరు నా వేళ్లు నొక్కి చూసి, "ఇంకేమన్నా తాగుతాండావాప్పా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "నేనే ఇస్తాండా సార్, తిప్పతీగ కషాయం. దాంతోనే ఈమాత్రం తిరుగుతాండాడు. కరోనాలో మా వీధంతా దాంతోనే బతికినాది."

"దొంగొచ్చినప్పుడు కట్టె తిప్పితే సరేమ్మా. దొంగ పోయినాక కూడా తిప్పుతా ఉంటే ఇంట్లో కుండలే పగులుతాయి. ఆ శక్తిని నేను మాత్రలతో పండబెడతాంటే నువ్వు కషాయంతో లేపుతాండావు. ఆపేయండి. ఇట్లే ఉంటే వేళ్లు వంకర పోతాయి, మళ్లీ చక్కబడవు."

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక అడిగింది.

"అయితే నీ చేతులు నేనే పాడు చేసినానా?"

"కాదక్కా," అన్నాను. ఆ ముఖం చూసి ఇంకేమనగలను?

తెల్లారి వంటింట్లోంచి మిరియాల ఘాటు వచ్చింది. అక్క గ్లాసు పట్టుకుని మంచం దగ్గర నిలబడింది.

"డాక్టరు చెప్పినాడు కదక్కా..."

"కాదని నువ్వే అంటివి కదరా. నీళ్లు రొంత ఎక్కువ పోసినాలే. తాగు."

చెయ్యి చాచాను. వేళ్లు గ్లాసు చుట్టూ ముడుచుకోలేదు. అక్క పక్కన కూర్చుని, నా మెడ కింద చెయ్యి పెట్టి, గ్లాసు పెదవులకు ఆనించింది. నోరు తెరిచాను.