మదార్‌బీ నడుము లెక్క

ఆదోనిలో పత్తినుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో మదార్‌బీ పదహారేళ్లు పత్తిగింజల గంపలు మోసింది. యంత్రం దగ్గర వంగి నింపుకోవడం, ఏటవాలు పలక మీదుగా గోదాములోకి ఎక్కడం, నడుము పక్కకు తిప్పి కుమ్మరించడం. 1985 ఎండాకాలంలో ఒకరోజు అట్లా తిప్పిన నడుము పట్టేసింది. ఎడమకాలు మడమ దాకా మంట. గంపలు మాన్పించి పత్తి ఏరే పని ఇమ్మంటే మేనేజరు, "సాకులు సెప్పొద్దు" అన్నాడు.

ఆ నెలలోనే ఇంజినీరింగు కాలేజీ లెక్చరరు లక్ష్మన్న మిల్లుకు వచ్చాడు. బరువులు మోసేవాళ్ల వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లల మీద ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటరుతో లెక్కగట్టడం ఆయన పరిశోధన. గంప తూచాడు, మదార్‌బీ ఎత్తు కొలిచాడు, వెళ్లిపోయాడు. మూడు నెలలకు మేనేజరుకు కాగితాలు పంపాడు. ఆ బరువును బిళ్ల ఓర్చుకోగలదని వాటిలో ఉంది. మేనేజరు వాటిని గేటు దగ్గర అంటించి, "కంప్యూటరే సెప్పినాక ఇంక నీ ఏడుపేంది?" అన్నాడు.

మదార్‌బీకి ఒళ్లు మండింది. లక్ష్మన్నది ఎమ్మిగనూరని తెలుసుకుని, కూర్చోలేక బస్సులో నిలబడే ఆయన ఇంటికి పోయి, ఆ లెక్క చూపించమంది. ఆయన గళ్లుగళ్లుగా గీసిన బిళ్ల బొమ్మ చూపించాడు.

"ఎవురిది సారూ ఈ నడుము?"

"ఎవరిదీ కాదమ్మా. పుస్తకంలో కొలతలు. నిటారుగా నిలబడ్డ పాతికేళ్ల మగమనిషివి."

"మల్ల నా ఎత్తు ఎందుకు కొలిసినావు? నిట్టనిలువుగా నిల్సుకోని నేను ఏపొద్దు మోసినా? అరిగిన నడుము పెట్టి, వంచి, తిప్పి లెక్క సెయ్యి."

లక్ష్మన్న దసరా సెలవులయ్యాక మళ్లీ లెక్కవేశాడు. ఎండి పలచబడ్డ బిళ్ల, వంగి తిరిగిన నడుము. ఈసారి బిళ్ల వెనక అంచున ఒత్తిడి మొదటి లెక్కకు మూడింతలు దాటింది; అంత బిళ్ల ఓర్చుకోలేదని తేలింది. ఆ కాగితాలతో ఆయనే మదార్‌బీ వెంట మిల్లుకు వచ్చాడు.

మేనేజరు చివరిదాకా చదివాడు. "అంటే ఈమె నడుము సెడిపోయిందని మీరే రాసిచ్చినారు. ఇంగ పనిలో ఎట్ల పెట్టుకోవల్ల?" అని ఆమె పేరు కొట్టేశాడు.

"బాగుంటే మొయ్యమంటివి, సెడితే పొమ్మంటివి," అంది మదార్‌బీ. "సెడగొట్టిందెవురని ఏ కాగితంలో రాసినారప్పా?"

బయట గంపలు నింపుతున్న సంతోషమ్మ ఆ మాట విని తోటివాళ్లకు చెప్పింది. మర్నాడు ఇరవైమంది ఆడవాళ్లు గంపలు బోర్లించి కూర్చున్నారు. నాలుగు రోజులు గింజ కదల్లేదు. ఐదోరోజు పలక తీసేసి తోపుడుబండ్లు తెప్పించారు. మదార్‌బీని మాత్రం తిరిగి పిలవలేదు.

రెండేళ్లకు లక్ష్మన్న పరిశోధన అచ్చయింది. ఒక ప్రతి ఇవ్వడానికి ఆదోని వచ్చాడు. అందులో తన పేరు ఎక్కడుందని అడిగిందామె. 'ఒక కార్మికురాలు' అని ఉన్నచోటు చూపించి, పరిశోధనల్లో పేర్లు రాయరు, అదే పద్ధతి అన్నాడు. మదార్‌బీ ఆ పుట తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆ మాట కొట్టేసి తన పేరు రాసేదాకా ఆయన్ను కదలనివ్వలేదు.