పరగడుపున పట్టిన పిస్టల్

మన ఊపిరిని మనకిచ్చి, ప్రతి ఉదయం దాన్ని కొత్తగా నిలబెడుతున్న దేవునికి ముందుగా నా స్తోత్రం. ఆయన కాపాడిన ఒక ప్రాణం గురించి చెప్పబోతున్నాను కాబట్టి, మహిమ ఆయనకు చెల్లించాకే నా సంగతి మొదలుపెడతాను.

2023 వేసవి. మదనపల్లెలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర కేసులు వచ్చే వార్డులో, స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పుంగనూరు దారిలో పాడుబడిన రాతి క్వారీలో ఒక షూటింగ్ క్లబ్బు వాళ్ళు అనుమతులు తెచ్చుకుని తుపాకులు కాల్చే రేంజ్ పెట్టుకున్నారు. ఆత్మరక్షణకు పిస్టల్ కావాలనుకునే మామూలు జనానికి అక్కడ మూడు రోజుల శిక్షణ ఇస్తారు. శిక్షణ ఇచ్చినవాళ్ళు సర్టిఫికెట్ మీద సంతకం పెడితేనే ఆయుధం చేతికి వస్తుంది. గుండ్లు పేలేచోట ఒక నర్సు ఉండాలని వాళ్ళు అడిగితే మా మేట్రన్ గారు నన్ను పంపారు.

నాకు ఇష్టం లేదు. ఆదివారం సండే స్కూల్లో శత్రువును ప్రేమించమని పిల్లలకు చెప్పే మనిషికి సోమవారం పిస్టళ్ళ మధ్య ఏం పని? ఆ మాటే ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను. జవాబేమీ రాలేదు. డ్యూటీ డ్యూటీయే గనుక వెళ్ళాను.

శిక్షకుడు మునిరత్నం గారు కుప్పం మనిషి, సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరయ్యారు. నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని దూరంగా నీడలో కూర్చోబోతే కేకేశారు.

"సిస్టరమ్మా, ఆడ గాదు. ఈ గీత లోపల ఎవురుండినా పాఠం వినాల్సిందే. వినకుంటే రేపు మీరే పేషెంటు అయిపోతారు."

అలా నేనూ విద్యార్థినయ్యాను. లైసెన్సు లేదు గనుక నా చేతికి గాలితో పనిచేసే ఎయిర్ పిస్టల్ ఇచ్చారు. మజిల్, అంటే గొట్టం కొన, ఖాళీదైనా సరే మనిషి వైపు తిరగకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఎవరికి ప్రమాదం కనిపించినా "సీజ్ ఫైర్" అని అరవవచ్చు, ఆ మాట వినగానే అందరూ కాల్పులు ఆపెయ్యాలి. నేను ఊహించినట్టు అక్కడ కాల్చడం గురించిన బోధ ఎక్కువ లేదు, కాల్చకుండా ఉండటం గురించే ఎక్కువ. "పిస్టల్ తీసే పని పడిందంటే, అంతకు ముందే నువ్వు శానా పొరపాట్లు చేసుండావని అర్థం" అన్నారు సుబేదారు గారు. ఆ మాటతో నా మనసు కొంత కుదుటపడింది.

వచ్చినవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు రెడ్డెప్ప, మదనపల్లెలో టమాటా మండీ యజమాని. నోరు మూతపడదు, నవ్వు ఆగదు. రెండో ఆయన గోవిందప్ప శెట్టి, పుంగనూరులో బంగారు అంగడి. అంతకు ముందు ఏడు మధ్యాహ్నం పూట ఎవరో ఇద్దరు నగలు చూపించమని వచ్చి, ఒంటరిగా ఉన్న ఆయన భార్య రుక్మిణమ్మను తోసి, చేతికందినవి ఎత్తుకుపోయారు. ఆమె మణికట్టు విరిగింది. పోయిన నగల గురించి గోవిందప్ప ఒక్కసారి కూడా మాట్లాడలేదు. "నేను భోజనానికి పోయుండాను సిస్టరమ్మా. ఆమెను ఒంటరిగా ఇడిసి పోయుండాను" అన్న మాట మాత్రం మొదటి రోజే రెండుసార్లు అన్నాడు. పిస్టల్ కొని డీలరు దగ్గరే ఉంచాడు. సర్టిఫికెట్ ఒక్కటే అడ్డం.

మొదటి రోజు పొద్దున రెడ్డెప్ప ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీల డబ్బా అందరి ముందూ తిప్పాడు.

"రెండు తినప్పా."

"అయిందప్పా, అయింది" అన్నాడు గోవిందప్ప.

ఆ రోజు డ్రై ఫైర్, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన. గోవిందప్ప చెయ్యి బాగా వణికింది. "శెట్టీ, పిస్టల్ పట్టుకుంటివా, చెక్కభజన చేస్తాండావా?" అని రెడ్డెప్ప ఆటపట్టించాడు. అందరమూ అది భయమనే అనుకున్నాం. మధ్యాహ్నం భోజనమయ్యాక వణుకు తగ్గింది. భయం తీరిందని సంతోషించాం.

రెండో రోజు నిజమైన గుండ్లు. ఒక్కొక్కరినే కాల్పుల గీత మీదికి పిలిచి, పక్కనే నిలబడి కాల్పించారు సుబేదారు గారు. గోవిందప్ప వంతు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఎండ ముదిరి క్వారీ రాళ్ళు సెగలు కక్కుతున్నాయి. రెండు గుండ్లు కాల్చాడు. "అన్‌లోడ్" అని ఆజ్ఞ వచ్చింది, అంటే గుండ్లుండే మ్యాగజైను తీసి తుపాకీ ఖాళీ చేసి చూపించాలి. గోవిందప్ప కదల్లేదు. మళ్ళీ చెప్పారు. అప్పుడు నెమ్మదిగా మా వైపు తిరగడం మొదలుపెట్టాడు. అతనితోపాటే గొట్టమూ తిరుగుతోంది.

"సీజ్ ఫైర్" అని అరిచి రెడ్డెప్ప నేలమీద పడుకున్నాడు. అందరం పడుకున్నాం. సుబేదారు గారు రెండు చేతులతో గోవిందప్ప మణికట్టు పట్టి గొట్టాన్ని నేలకు వంచారు. కానీ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, పిడికిలి వదలడం లేదు. గట్టిగా లాగితే పేలుతుంది.

"తాగొచ్చినావా? ఇడువు" అని సుబేదారు గారు గద్దించారు. గోవిందప్ప ఇంకా బిగించాడు. అతని నోట్లో ఏదో మాట తిరుగుతోంది. చెవిపెట్టి విన్నాను. "షట్టర్ దించు... షట్టర్ దించు" అంటున్నాడు.

నేల మీదనుంచే అతని చొక్కా చూశాను. ఆ వడగాలికి అందరి చెమటా ఆరిపోతుంటే, ఇతని వీపు మాత్రం నీళ్ళు పోసినట్టు తడిసిపోయి ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. చూపు మన మీద ఉంటుంది గాని మనల్ని చూడదు. క్యాజువాలిటీలో ఆ చూపు నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. దాన్ని మేము హైపోగ్లైసీమియా అంటాం, అంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవడం. మెదడుకు తిండి అందదు. అలాంటి మనిషి మీద అరిస్తే ఎదురుతిరుగుతాడు, ఎందుకో అతనికే తెలియదు.

"సార్, అరవకండి. తాగలేదు, షుగర్ పడిపోయింది" అన్నాను. సుబేదారు గారు వెంటనే గొంతు ఆపేశారు, పట్టు మాత్రం వదల్లేదు. నేను వెనకనుంచి అతని ఎడమ భుజం వైపుకు వెళ్ళి, వీపు మీద చెయ్యి వేశాను. ఏం చెప్పాలో నేను ఆలోచించలేదు. ఆ మాట దేవుడే నా నోట పెట్టాడని ఈ రోజుకీ నమ్ముతున్నాను.

"షట్టర్ దించేసినాంలే అప్పా. రుక్మిణమ్మ లోపల బాగుండాది. తాళం నాకియ్యి."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అతని వేళ్ళు ఒకటి తర్వాత ఒకటి విడిపోయాయి. తాళమనుకుని ఇచ్చిన పిస్టల్‌ను సుబేదారు గారు అందుకున్నారు. గుండు పేలలేదు. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ స్తోత్రం తప్ప నా నోట ఇంకో మాట రాదు.

గ్లూకోమీటరు నలభై కూడా చూపించలేదు. మింగగలుగుతున్నాడు గనుక గ్లూకోజు నీళ్ళు గుక్క గుక్కగా తాగించాను. కాసేపటికి కళ్ళలోకి మనిషి తిరిగివచ్చాడు. "ఏమయింది? యాల అందురూ ఇట్ల సూస్తాండారు?" అన్నాడు. అక్కడితో వదిలేయకూడదు. కొన్ని షుగర్ మాత్రల వల్ల పడిన చక్కెర, తీపి పెట్టగానే లేచి, మళ్ళీ కొన్ని గంటలకు పడిపోతుంది. అందుకని రెడ్డెప్ప కారులోనే మా ఆసుపత్రికి బయలుదేరాం.

దారిలో అసలు సంగతి బయటపడింది. రెండు రోజులూ అతను పొద్దున ఏమీ తినలేదు. మాత్ర మాత్రం వేసుకున్నాడు.

"ఇడ్లీ తినప్పా అంటే అయింది అంటివే. ఏం అయింది? నా తల అయ్యేది ఈ పొద్దు" అన్నాడు రెడ్డెప్ప.

గోవిందప్ప నా వైపు తిరిగాడు. "సిస్టరమ్మా, తినకుండా వచ్చినందుకు ఎండకు కండ్లు తిరిగినాయి అని మాత్రమే సార్‌తో సెప్పు తల్లీ. షుగరు జబ్బుండాది, మాత్రలేసుకుంటాడు అని తెలిస్తే ఆయన సంతకం పెట్టడు. అంగడిలో ఆమె ఒకతే ఉంటాది."

ఆ ముఖం చూసి కాదనడం కష్టమైంది. కానీ అబద్ధం మీద సంతకం పెట్టించుకున్న పిస్టల్ ఏదో ఒక పొద్దున రుక్మిణమ్మ వైపే తిరగవచ్చు. "ఆయన అడిగితే నేను అబద్ధం చెప్పలేను అప్పా. అడగకముందే మీరే చెప్తే మీకు గౌరవం" అన్నాను.

సాయంత్రం పుంగనూరునుంచి రుక్మిణమ్మ వచ్చింది. భర్త బాగున్నాడని కళ్ళారా చూసుకున్నాక ఆమెకు కోపం వచ్చింది.

"మా ఇంట్లో అంతే సిస్టర్. తక్కెడ కూడా నీళ్ళు పోసుకుని, దీపం పెట్టినాకనే ముట్టేది. ఇది ఆయుధం కదా, పొద్దున తొలిసారి ఎంగిలి నోటితో ముట్టకూడదని ఈయన పట్టు. మొక్కు బయటికి సెప్పకూడదని మీకూ సెప్పలా."

"మరి మాత్ర వేసుకున్నారే?"

"నీళ్ళూ మాత్రా ఎంగిలి కాదంట" అంది. తర్వాత మంచం వైపు తిరిగి, "తుపాకీ నన్ను కాపాడేది ఆనక. ముందు నువ్వు నిలబడుకుంటే గదా" అంది. గోవిందప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రాత్రి డాక్టరు గారు మందు మార్చారు. మూడో రోజు మధ్యాహ్నం డిశ్చార్జి అయ్యాక గోవిందప్ప ఇంటికి పోలేదు. భార్యను వెంటబెట్టుకుని రేంజికి వచ్చాడు. అందరి ముందూ, సుబేదారు గారు ఏమీ అడగకముందే, "సార్, నాకు షుగరుండాది. మాత్రేసుకుని తినకుండా వచ్చినా. మీ అందురి ప్రాణం మీదికి తెచ్చినా" అన్నాడు.

సుబేదారు గారు అతన్ని కూర్చోబెట్టారు. "సంతకం ఈ పొద్దు పెట్టను. కొత్త మందు కుదిరినాక, డాక్టరు సరే అంటే, కుప్పం కాడ ఇంకో క్లాసు ఉండాది, రా. ఈ మాట నువ్వు దాచిపెట్టుంటే ఎప్పటికీ పెట్టేవాణ్ణి కాదు" అన్నారు.

అప్పుడు రుక్మిణమ్మ ముందుకు వచ్చింది. "సార్, అంగడిలో ఉండేది నేను. ఆ తుపాకీ తీసే పని పడకుండా ఉండే పాఠమేదన్నా ఉంటే నాకు సెప్పండి."

ఆ మధ్యాహ్నం పాఠమంతా ఆమె అంగడి మీదే నడిచింది. ఆ వారంలోనే సుబేదారు గారు పుంగనూరు వెళ్ళి గల్లా బల్లను వాకిలికి ఎదురుగా తిప్పించారు. మనిషిని చూసి లోపలినుంచి తీసే గ్రిల్లు పెట్టించారు. కొన్ని నెలలకు గోవిందప్ప కుప్పం క్లాసుకు వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ముందురోజు సాయంత్రమే పూజ చేసుకుని, పొద్దున కడుపునిండా తిని వెళ్ళాడట. ఇంటి పద్ధతి మార్చింది రుక్మిణమ్మే. ఇదంతా వాళ్ళిద్దరి అనుమతితో, పేర్లు మార్చి రాస్తున్నాను.

ఇక ఈ కేసు నాకు నేర్పిందేమిటో ఇంకోచోట తెలిసింది. రేంజిలో ఆ సంగతి జరిగిన తర్వాతి శుక్రవారం మా సంఘంలో స్త్రీల ఉపవాస ప్రార్థన. నేను లేచి, పేర్లు చెప్పకుండా ఈ సంగతి చెప్పాను. "మీలో షుగర్ మాత్ర వేసుకుని, తినకుండా వచ్చినవాళ్ళు ఎవరు?" అని అడిగాను. నా పక్కనే ఉన్న మా సంఘం పెద్దావిడ ఎస్తేరమ్మత్త మెల్లగా చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంకొందరు.

"మాత్రకు ఉపవాసం చెడదు గదమ్మా" అంది అత్త.

ఆసుపత్రిలో గోవిందప్ప మంచం పక్కన విన్న మాటే, మా మందిరంలో చాపమీద వినిపించింది. దేవుడు నన్ను ఆ క్వారీకి ఎందుకు పంపాడో అప్పుడు అర్థమైంది. పాస్టరు గారు లేచి, బైబిలులో ఎడారిలో అలసి చావు కోరుకున్న ప్రవక్త దగ్గరికి వచ్చిన దూత ముందు బోధ చెయ్యలేదనీ, లేచి రొట్టె తినమన్నాడనీ గుర్తుచేశారు. ఆ రోజునుంచి మా ప్రార్థనలో షుగర్ ఉన్నవాళ్ళకు ముందు రాగిజావ, తర్వాతే మోకాళ్ళు. కుప్పంలో, పుంగనూరులో స్త్రీల కూడికలకు పిలిచినా ఇదే చెబుతున్నాను. వార్డులో మాత్ర చేతిలో పెట్టే ముందు "తిన్నారా?" అని మాత్రమే అడగను. "ఏం తిన్నారు?" అని అడుగుతాను. 'అయింది' అనే మాటకు రూపం ఉండదు. ఇడ్లీకి, సంగటికి ఉంటుంది.

చదువుతున్న మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచినా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆ రోజు పేలకుండా ఆగిన గుండు కోసం నీకు వందనాలు. అరవడం ఆపి పట్టు వదలని ఆ చేతుల కోసం, దాచగలిగీ దాచకుండా నిజం చెప్పిన ఆ నోటి కోసం వందనాలు. నీ మీది ప్రేమతో కడుపు మాడ్చుకుంటూ మాత్ర మింగుతున్న ప్రతి ఇంటికీ ఈ పొద్దే ఎవరో ఒకరిని పంపి, ఏం తిన్నారని అడిగించు. ఆమేన్.