పదకొండేళ్ళ బయటాయన

పదకొండేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేస్తూ, పదకొండేళ్ళూ తాను ఆ ఆఫీసు మనిషిని కానని నిరూపించుకోవడానికే బతికినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? లోపలమ్మాయి చూసింది. మూడేళ్ళు పక్కన కూర్చుని మరీ చూసింది. ఆవిడ జీతం మీద ఉన్న మనిషి కాబట్టి లోపలమ్మాయి. ఆయన కాంట్రాక్టు మనిషి కాబట్టి బయటాయన. ఈ పేర్లు ఆఫీసువాళ్ళు పెట్టారు గానీ, ఆయన తన పేరును బిరుదులా మోశాడు.

రోజూ పొద్దున్నే గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టేవాడు. ‘ఎవరిని కలవాలి’ అన్నచోట ‘ఎవరు మిగిలితే వారిని’ అనీ, ‘వచ్చిన పని’ అన్నచోట ‘పని’ అనీ రాసేవాడు.

“రోజూ ఈ గోలేంటి సార్? మిమ్మల్ని చూసి నేను గడియారం సరిచేసుకుంటున్నా. లోపలికెళ్ళండి,” అని సెక్యూరిటీ అతను మొత్తుకునేవాడు.

“నిన్నటిదాకా ఉన్న కాంట్రాక్టు ఇవాళ ఉందో లేదో నీకెలా తెలుసయ్యా? నాకే తెలీదు,” అనేవాడు బయటాయన.

లిఫ్టు స్టాఫ్‌దని నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చేవాడు. ఆఫీసులో నలభై కుర్చీలు ఖాళీగా పడి ఉన్నా, ఇంటి నుంచి తెచ్చుకున్న మడతపీట మీదే కూర్చునేవాడు. కాఫీ తన ఫ్లాస్కులోది. గ్రూప్ ఫోటో అంటే కెమెరా తనే పట్టుకునేవాడు, అందువల్ల పదకొండేళ్ళ ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. ఒకసారి మంటలొస్తే ఏం చేయాలో నేర్పడానికని బెల్లు కొట్టారు. అందరూ కిందికి పరిగెత్తారు. పైకొచ్చి చూస్తే ఈయన తీరిగ్గా టైపు చేసుకుంటున్నాడు.

“సార్, స్టాఫంతా దిగాలి!”

“స్టాఫ్ కదా,” అని మళ్ళీ పనిలో పడ్డాడు.

నడవలేనివాళ్ళకి కావలసిన సరుకు అమ్మే కంపెనీ అది. చక్రాల కుర్చీలు, చేతికర్రలు, మీట నొక్కితే తలవైపు లేచే మంచాలు. జనం ఇంటర్నెట్ సెర్చ్‌లో ఏ మాటలు కొడతారో కనిపెట్టి, ఆ మాటలకి తమ కంపెనీ పేజీ అందరికంటే పైన కనిపించేలా చూడటం ఈ ఇద్దరి పని. దాన్ని ఎస్‌ఈవో అంటారు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, రోజంతా ఊరందరి కష్టాలూ చదవడమే.

“విన్నావా అమ్మాయ్? ‘నాన్న బాత్‌రూమ్‌లో పడిపోతున్నారు ఏం చేయాలి.’ రెండు వందల మంది అడిగారు,” అనేవాడు బయటాయన, నిన్నటి మాటల జాబితా తీసి. “ఇదెవరో చక్రాల కుర్చీ నెలరోజులకి అద్దెకిస్తారా అంటున్నారు. నెల చాలని డాక్టరు చెప్పి ఉంటాడు, పాపం.”

ఆమె తలెత్తేది కాదు. ఆ మాటలు ఆమె ఇంటికి మరీ దగ్గరగా ఉండేవి. భర్తకి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికెళ్ళి నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషను మీద ఉండాలి. ఆ ఖర్చంతా ఆమె ఉద్యోగంతో వచ్చిన బీమా కార్డు భరిస్తోంది. ఉద్యోగం పోయిన రోజే కార్డూ పోతుంది. కార్డు పోయాక ఆ మనిషి ఎన్నాళ్ళుంటాడో లెక్కవేయడానికి ఆమెకి భయం వేసేది.

“బాబాయ్, మీరూ లోపలికి రావచ్చుగా? కార్డిస్తారు, సెలవులిస్తారు,” అంది ఒకరోజు. ఆయన దవడపన్ను రెండేళ్ళుగా సలుపుతోంది.

“లోపలుంటే సెలవు ఇంకొకర్ని అడగాలి. బయటుంటే నన్ను నేనే అడుక్కుంటాను.”

“మరి ఇచ్చుకుంటారా?”

“ఎక్కడమ్మా! మహా పిసినారిని.”

“ఆ పన్నైనా చూపించుకోవచ్చు కదా?”

“లోపలివాళ్ళకి కార్డుంటుంది, బయటివాళ్ళకి లవంగం ఉంటుంది,” అని బుగ్గలో లవంగాన్ని అటు నుంచి ఇటు మార్చాడు.

ఆ ఏడాది కంపెనీ మునిగిపోతోందని అందరికీ తెలుసు. మేనేజరు గదిలోకి పిలిచినవాళ్ళు అట్టపెట్టెతో బయటికొచ్చేవాళ్ళు. మనుషులు పోయిన వరసలో సెక్యూరిటీ అతను లైటు తీసేసేవాడు. చివరికి కిటికీ పక్కన ఒక్క వరసలోనే వెలుతురు మిగిలింది. ఎవరిదో స్వెటరు ఒక కుర్చీకి నెలల తరబడి వేలాడుతూనే ఉంది. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అప్పుడే కంపెనీకి కొత్త వెబ్‌సైట్ కట్టారు. కడుతున్నన్నాళ్ళూ సగం సగం పేజీలు జనానికి కనబడకుండా, సెర్చ్‌వాళ్ళకి ‘ఇటు రావద్దు’ అని చెప్పే లైను ఒకటి అందులో పెడతారు. సైట్ తెరిచే రోజున ఆ లైను తీసేయాలి. ఆ పని లోపలమ్మాయిది. సరిగ్గా ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, మిషను మీద ఉండగా భర్త బీపీ పడిపోయిందని. చేయవలసిన పనుల జాబితాలో పద్నాలుగోదానికి టిక్కు పెట్టి పరిగెత్తింది. టిక్కయితే పెట్టింది గానీ, లైను తీయలేదు.

పది రోజులు గడిచేసరికి కంపెనీ సెర్చ్‌లో లేకుండా పోయింది. వెనక పేజీల్లో కాదు, అసలెక్కడా లేదు. రోజుకి మూడొందల సార్లు మోగే ఫోన్లు రెండుసార్లు మోగాయి. వాటిలో ఒకటి రాంగ్ నంబరు.

కారణం బయటాయనే పట్టుకున్నాడు. మడతపీట దగ్గరికి జరుపుకుని ఆ లైను మీద వేలుపెట్టి చూపించాడు.

“నేనే బాబాయ్. తీశాననుకున్నాను.”

“ముందు ఇప్పుడు తియ్యి. ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది.”

మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. మనిషి దుర్మార్గుడు కాడు. తన ఉద్యోగమే ఈ నెలో వచ్చే నెలో అన్నట్టుంది.

“సాయంత్రం లోపల పైవాళ్ళకి ఒక పేరు పంపాలి. ఎవరు చేశారు?” అన్నాడు.

ఆమె నోరు తెరిచింది.

“నేనేనండీ,” అన్నాడు బయటాయన. “ఆ లైను నేను తీస్తాలే, నువ్వు ఆసుపత్రికెళ్ళు అని ఈ అమ్మాయికి చెప్పాను. నా మాట నమ్మి టిక్కు పెట్టింది. నేను మర్చిపోయాను.”

“పదకొండేళ్ళలో మీరు మర్చిపోవడం నేను చూళ్ళేదే?”

“వయసండీ. అమ్మాయ్, ఆ జాబితా ప్రింటు తీసుకురా, సార్‌కి చూపిద్దాం.”

ఆమె వెళ్ళింది. ఆ రోజును తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నిజం చెప్పాలనే అనుకుంది. కానీ ప్రింటు తీస్తుంటే కళ్ళముందు మిషను, దానికి కట్టేసినట్టున్న భర్త చెయ్యి కనిపించాయి. తిరిగొచ్చేసరికి పేరు పైకి వెళ్ళిపోయింది. ఆమె ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే కాంట్రాక్టు రద్దయింది. బయటాయన మడతపీట చంకన పెట్టుకున్నాడు. అట్టపెట్టె అవసరమే రాలేదు. కనీసం ఆ పూటైనా లిఫ్టులో వెళ్ళమంటే, ఇప్పుడసలే కుదరదన్నాడు.

మూడు వారాలకి పేజీలు ఒక్కొక్కటే సెర్చ్‌లో తిరిగొచ్చాయి. ఆ రోజు హెచ్చార్ చూసే ఆవిడ వచ్చి ఖాళీ కుర్చీలో కూలబడింది.

“మీ సీటు ముందు ఆయనకే ఇచ్చాం, తెలుసా? మీ ఇంటర్వ్యూలో పని గురించి అడగడానికి ఆయన్నీ కూర్చోబెట్టాం కదా, మీ ఇంటి సంగతి అక్కడ విన్నాడు. ఆ అమ్మాయికివ్వండి, నాకు కార్డెందుకు అన్నాడు.”

లోపలమ్మాయి కుర్చీని ఆవిడ వైపు తిప్పుకుంది.

“మీరు చేరాక ఆ చాదస్తం మరీ ముదిరింది. కనీసం కుర్చీలో కూర్చోండి సార్ అని నేను కసిరితే ఏమన్నాడనుకున్నారు? ‘నేను లోపలివాడిలా కనబడితే, ఒకే పనికి లోపల ఇద్దరెందుకని మీవాళ్ళు లెక్కలు తీస్తారమ్మా. అప్పుడు కొత్తగా వచ్చిందే పోతుంది. లోపల ఒక్కతే ఉందని రోజూ కనబడుతూ ఉండాలి’ అన్నాడు.”

“అయితే ఆ చాదస్తమంతా నా కోసమా?”

“అంత లేదులెండి. మొదటి ఎనిమిదేళ్ళూ ఉత్త పిచ్చే. తర్వాత ఆ పిచ్చికి ఒక పని దొరికింది.”

ఆమె మెట్ల దగ్గరికెళ్ళి బయటాయనకి ఫోన్ చేసింది.

“బాబాయ్, నావల్ల కావట్లేదు. రేపు మేనేజరుకి నిజం చెప్పేస్తాను.”

“ఏం నిజం?”

“ఆ లైను నేనే వదిలేశానని.”

“అమ్మాయ్! ఆ లైను జోలికొచ్చావంటే ఊరుకోను. ఇక్కడ కొత్త చోట ఇంటర్వ్యూలో అడిగారు, మీరు చేసిన పెద్ద తప్పేమిటని. ఎంత తన్నుకున్నా ఒక్కటీ గుర్తు రాలేదు. నీది చెప్పాను.”

“చెబితే?”

“వెంటనే తీసుకున్నారు. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాడు పొయ్యి దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడట. ఇప్పుడు నువ్వెళ్ళి అది నాదంటే, నేను ఏ తప్పూ చేయనివాణ్ణని తేలిపోయి ఈ ఉద్యోగం ఊడుతుంది. వచ్చింది ఒక్క తప్పు, దాన్నీ లాక్కుంటావా?”

ఆమెకి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. మెట్ల మీద కూర్చుండిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“నవ్వింది చాలు గానీ, ఇవాళ మీ ఆయనకి మిషను రోజు కదూ? టైమవుతోంది, బయల్దేరు,” అన్నాడాయన.

ఆమె బ్యాగులో కార్డుందో లేదో చూసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.