సింధు నుంచి వచ్చిన మా దర్జీ

మా ఇంట్లో కిరాయికి ఉండే దర్జీ సోమవారం పొద్దున కుట్టు మిషను మీదే తల వాల్చి చనిపోయాడు. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే ఉండనీయండి, ఆయన గురించి నాలుగు మాటలు రాయాలి.

ఆయనది పాకిస్తాన్‌లోని సింధు. హిందువు. అక్కడ బతకనివ్వడం లేదని భార్యను, కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. సిద్దిపేటలో ఎన్ని ఇళ్లు అడిగినా గది లేదన్నారు. నేనూ మంచివాణ్ణేమీ కాదు. కులమేంది, పుట్టుకేందని గడప బయటే నిలబెట్టి, చివరకు పశువుల కొట్టం పక్క గది చూపించాను. ఈ గల్లీలో ఆయన కుట్టని జాకెట్ లేదు. కుట్టించుకున్నవాళ్ల నోళ్లే వెనక ‘పాకిస్తానోడు’ అన్నాయి.

కొండపాకలో నా మనుమరాలి పెళ్లికి రమ్మంటే, పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పాలని ముందు ఠాణాకు పోయాడు. వాళ్లు సరేనన్నాక వచ్చేసరికి పందిరి విప్పుతున్నారు. పెళ్లికూతురి బట్టలు మాత్రం ఆయన కుట్టినవే. నా అంగీ ఎక్కడ చినిగినా అడగకుండానే లాక్కొని కుట్టేవాడు.

ఇండియా పాకిస్తాన్ క్రికెట్ రోజు మిషను లోపల పెట్టుకునేవాడు.

“ఎవరు గెలవాలె?” అని ఉడికించేవాణ్ణి.

“వాన పడాలె కాకా. ఇండియా గెలిస్తే నా తలుపు ముందట పటాకులు, ఓడితే రాళ్లు.”

ఆయన పోయిన రోజు భార్య, ఆయన రోజూ చదువుకునే పుస్తకం తెచ్చి గుండె మీద పెట్టింది. ఉర్దూ లాంటి అక్షరాలు. ఎదురింటి కిరాణం సేటు చూశాడు.

“సూసిన్రా? ఖురాను పెట్టింది. గీళ్లు మనోళ్లు కాదని నేను ముందే చెప్పిన.”

పాడె మోయడానికి వచ్చినవాళ్లు వెనక్కి జరిగారు.

నాకు మండింది. నేను చదివిన రెండు తరగతులూ నిజాం కాలంలో, ఉర్దూ బడిలోనే. పుస్తకం తీసి వేలు పెట్టి కూడబలుక్కున్నాను. భాష అర్థం కాలేదు. ఒక్క మాట మాత్రం పేజీ పేజీకీ దొరికింది.

“రామ్ అని ఉన్నది. వాళ్ల దిక్కు గివే అక్షరాలు.”

“నీకు సంతకమే సక్కగ రాదు పెద్దాయనా, నువ్వు సదివినవా?”

“నేను నేర్సింది గివే. నేను గూడ పాకిస్తానోన్నా? ఖురానే అయితే మాత్రం, పీనుగ ముందట గిదేం పంచాయితి? నీ పెండ్లాం జాకెట్ కుట్టిననాడు ఏ దేవుడని అడిగినవా?”

సేటు దుకాణంలోకి పోయాడు. కానీ ఒక్కడూ ముందుకు రాలేదు.

దర్జీ కొడుకు నిప్పుకుండ పట్టుకున్నాడు. పాడె దగ్గర నా కొడుకు, అల్లుడు, మనుమడు ముగ్గురే. తల వైపు నాలుగో మూలకు నేను పోయి నిలబడ్డాను.

“బాపూ, నీతోని కాదు,” అన్నాడు నా కొడుకు.

“నోర్మూసుకొని లేపు.”

నాకు ఎనభై దాటాయి. పైగా పొట్టివాణ్ణి. తలుపుల చాటు నుంచి గల్లీ అంతా చూస్తూనే ఉంది. బొందలగడ్డ దాకా పాడె నా దిక్కుకే ఒరిగి, ఆయన తల నా చెవి పక్కన ఆగి, అడుగు అడుగుకూ మెల్లగా తగులుతూ వచ్చింది.