మల్లేశ్వరి ఆంటీ బేస్‌మెంట్‌లో పిచర్

“అలిసిపోయాడని చెప్పు. అంతే. అంతకు మించి ఒక్క మాట వద్దు.”

“మళ్లీ అడిగితే?”

“మళ్లీ అదే చెప్పు. నీ ఇంగ్లీషు సంగతి వాళ్లకి తెలుసు, ఎక్కువ లాగరు.”

“అడిగేది డాన్ కాదండీ. భానుని పంపిస్తున్నాడు. వాడికి తెలుగొచ్చు.”

“అయితే నువ్వు వంటింట్లోనే ఉండు. నేను మాట్లాడతా.”

“మీరు మాట్లాడితే అడక్కుండానే అన్నీ చెప్పేస్తారు.”

గరాజ్ తలుపు సగమే ఎత్తి ఉంది. లోపల ఒక జత స్పోర్ట్స్ షూ, ఒక జత రబ్బరు చెప్పులు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. నేను డ్రైవ్‌వేలో, ఉప్పు చల్లిన మంచు మీద ఉన్నాను. భాను అంటే నేనే. చలికి కాళ్లు కొయ్యబారుతున్నాయి. నాకు ఒకచోట నిలబడటం మామూలుగానే రాదు. గరాజ్ తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. రబ్బరు చెప్పులు ముందు కదిలాయి.

ఆ ఇల్లు షామ్‌బర్గ్ అనే ఊళ్లో వీరభద్రం అంకుల్, నాగమల్లేశ్వరి ఆంటీలది. అంకుల్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఆంటీ ఇండియన్ స్టోర్‌లో కర్రీ పాయింట్ చూసుకుంటుంది. వాళ్ల బేస్‌మెంట్‌లో ట్రెంట్ అనే బేస్‌బాల్ పిచర్ ఉంటాడు. బంతి విసిరేవాడు. నెబ్రాస్కాలో పుట్టాడు. గోంగూర పప్పులో నెయ్యి తక్కువైతే అడిగి వేయించుకుంటాడు.

మా టీమ్ పేరు చెప్పినా మీకు తెలియదు. పెద్ద లీగుల్లో చోటు దొరకనివాళ్లు, దొరికి పోగొట్టుకున్నవాళ్లు ఆడే చిన్న లీగు. మే నుంచి సెప్టెంబరు దాకా ఆట. వాళ్లకిచ్చే జీతానికి ఈ ఊళ్లో గది రాదు, అందుకని ఊరి కుటుంబాలు ఒక్కొక్క ఆటగాణ్ణి ఇంట్లో పెట్టుకుంటాయి. హోస్ట్ ఫ్యామిలీ అంటారు. నా పని కెమెరా. ఎవరి బంతి ఎంత వేగంతో పోయింది, ఎవరి మోచెయ్యి ఎక్కడ జారింది అన్నది ముక్కలు ముక్కలుగా కోసి మేనేజర్ డాన్ ముందు పెడతాను. చలికాలం వచ్చిందంటే డాన్ ఆ ముక్కలు చూస్తూ ఎవరిని మళ్లీ పిలవాలి, ఎవరిని వదిలేయాలి అని తేలుస్తాడు.

మా లీగులో ఒక నియమం ఉంది. వయసు మీద పడిన పాత ఆటగాళ్లు జట్టుకి కొద్దిమందికి మించి ఉండకూడదు. ఈసారి ఆ వాటాలో ఒక్క చోటే మిగిలింది. దానికి పోటీ ఇద్దరు. ఒకడు ఒహాయో బ్యాటర్, ఇంకొకడు ట్రెంట్. ట్రెంట్ బంతి ఆగస్టు నుంచి వేగం తగ్గి మెత్తబడింది. నా వీడియోలో అది స్పష్టంగా ఉంది. ఎందుకు మెత్తబడిందో మాత్రం వీడియో చెప్పదు. ట్రెంట్‌ని అడిగితే బాగానే ఉన్నానంటాడు. ఆ మాట ఆటగాళ్లందరూ అంటారు.

“అలసటైతే ఉంచుకుంటాను. గాయమైతే వదిలేస్తాను,” అన్నాడు డాన్. “ఆ ఇంటికి వెళ్లి కనుక్కో.”

డాన్‌కి అదొక అలవాటు. ప్రతి చలికాలం హోస్ట్ ఇళ్లవాళ్లని అడుగుతాడు. కుర్రాడు ఎన్నింటికి వస్తాడు, తాగుతాడా, నిద్రపోతాడా, ఓడిన రోజు ఎలా తింటాడు. నా వీడియోల కన్నా ఆ కబుర్ల మీదే ఆయనకి నమ్మకం ఎక్కువ. కాలేజీ రెండో ఏడాదిలో వదిలేసి వచ్చిన నాకు ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు కాబట్టి నోరు మూసుకుని వెళ్లాను. అడగాలి, జవాబు తీసుకోవాలి, బయటపడాలి. అంతే అనుకున్నాను.

వీళ్లు హోస్టులైన కథ అంకుల్ అందరికీ చెబుతాడు. కూతురు నైనిక ఉద్యోగానికి ఫ్రీమాంట్ వెళ్లిపోయాక బేస్‌మెంట్ ఖాళీ అయింది. గ్రౌండ్ బయట బ్యానర్ మీద సీజన్ టికెట్లు ఉచితం అన్న ముక్క చదివి ఆయన ఫోన్ చేశాడు. మనిషి కూడా వస్తాడన్న ముక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది. ట్రెంట్ రెండు పెద్ద సంచులతో గుమ్మంలో నిలబడితే ఆంటీ భర్తని లోపలికి పిలిచి, ఇంతటివాడికి రైస్ కుక్కర్ ఎంత సైజుది కావాలో ముందు చెప్పమంది.

ఆట ఆవిడకి మొదట్లో నచ్చలేదు. బంతి వేసేవాడు పరుగెత్తకుండా నిలబడే వేస్తాడేంటని అడిగింది. జనం ఆట చూడటానికి వచ్చారా, తినడానికి వచ్చారా అని కూడా అడిగింది. అడిగిన మనిషి శాలువా కింద చేగోడీల డబ్బా దాచి గేటు దాటించేది. రెండో వేసవికి వల వెనక మొదటి వరసలో ఆవిడ సీటు ఖాయమైపోయింది. ట్రెంట్ బంతి విసిరినప్పుడల్లా ఆవిడ తన కుడి మోచెయ్యిని ఎడమ చేత్తో పట్టుకునేది. నా కెమెరాలో ఆవిడ తరచూ పడేది, పక్కకి తిప్పేవాణ్ణి.

ఆంటీ కుడి మోచెయ్యి పూర్తిగా సాగదు. దాని వెనక బాపట్ల ఉంది.

బాపట్లలో ఆవిడ బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. పసుపు ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు ఆడే ఆట. జిల్లాకి ఆడి, రాష్ట్రం జట్టు ఎంపికకి గుంటూరు క్యాంపు దాకా వెళ్లింది. క్యాంపుకి ముందే మోచెయ్యి నొప్పి. నేర్పే మేడంకి తెలుసు. పక్క మంచాల అమ్మాయిలకీ తెలుసు. మన జిల్లా పిల్ల ఒక్కతైనా జట్టులో ఉండాలి కదా అని అందరూ నోరు కట్టుకున్నారు. రాత్రి ఆముదం పట్టు వేసి పొద్దున పొడుగు చేతుల చొక్కా తొడిగి పంపించేవారు. జట్టులోకి ఎంపికైంది. రెండో మ్యాచ్‌లో స్మాష్ కొట్టబోతే బ్యాట్ చేతిలోంచి జారి నెట్ దగ్గర పడింది. మళ్లీ బ్యాట్ పట్టలేదు. ఇదంతా ఆవిడ ఒక వర్షం మధ్యాహ్నం ఆట ఆగిపోయినప్పుడు, గ్రౌండ్ మీద టార్పాలిన్ కప్పుతుంటే చెప్పింది. చెప్పి, అందులో తప్పెవరిదో నన్నే చెప్పమంది. మేడందే అన్నాను. వాళ్లందరూ తనంటే ప్రాణం పెట్టేవాళ్లనీ అదే తంటా అనీ అంది. అప్పుడే టార్పాలిన్ తీసేశారు. నేను కెమెరా దగ్గరికి పరుగెత్తాను.

ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళ్లాను. బూట్లు విప్పేలోపే అంకుల్ మొదలుపెట్టాడు. ట్రెంట్ ఎంత క్రమశిక్షణ గల మనిషో, ఇంట్లో బీరు సీసా కూడా కనిపించదని, ఆగస్టు ఎండలకి ఎవరైనా అలిసిపోతారని, మార్చి కల్లా గుర్రంలా ఉంటాడని. నేను తలూపుతూ వంటింటి వైపు నడిచాను. కూర్చోమంటే కూర్చోలేదు.

ట్రెంట్ అక్కడే ఉన్నాడు. టేబుల్ ముందు కూర్చుని ఎడమ చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. చలికాలమంతా అతను ఒక ఇండోర్ గ్రౌండ్ ఆఫీసులో కూర్చుని పిల్లలకి ప్రాక్టీసు గంటలు కేటాయిస్తాడు. బంతి విసరడం నేర్పే పని ఇస్తామన్నా వద్దన్నాడని అక్కడి మనిషి నాతో అన్నాడు. అప్పుడది వింతగా తోచింది. నన్ను చూసి ట్రెంట్ నవ్వాడు. ఆ ఒక్క చోటు ఎవరికని అడగలేదు. ఇంకొక్క సీజన్ దొరికితే పెద్ద లీగులవాళ్లు ఒక్కసారైనా చూడ్డానికి వస్తారని, తన కాలేజీ కోచ్ ఎవరితోనో మాట్లాడుతున్నాడని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడి చెయ్యి ఒళ్లోనే ఉంది.

వంటింట్లో కర్పూరం కలిపిన నువ్వుల నూనె వాసన. ఈ వాసన ఆగస్టులో, పిచర్లు ఆటకి ముందు చెయ్యి వేడెక్కించుకునే బుల్‌పెన్ దగ్గర కూడా వచ్చింది. జలుబేమో అనుకున్నాను.

ఆంటీ అన్నం వడ్డించడానికి లేచింది. అప్పుడు చూశాను. పై అరల తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. కంచాలు, గ్లాసులు, ట్రెంట్ తాగే కాఫీ కప్పు, పొద్దున తినే సీరియల్ డబ్బాలు, అన్నీ కింద గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. గ్రైండర్ నేల మీద కూర్చుంది. పప్పు డబ్బాలు పొయ్యి పక్కన ఇరుక్కుని, రొట్టెల కర్రకి చోటు లేక అది కిటికీలో ఉంది. భుజం కన్నా ఎత్తులో ఆ వంటింట్లో ఒక్క వస్తువు లేదు.

“కంచాలన్నీ కిందెందుకు పెట్టారు ఆంటీ?” అని అడిగేశాను.

అంకుల్ వెంటనే అందుకున్నాడు. ఆవిడకి మోచెయ్యి కదా, పైకి అందదు. అది నిజమే. కానీ కిందటి వేసవి మొదట్లో నేను ఈ ఇంట్లో తిన్నాను. అప్పుడు కంచాలు పైనే ఉన్నాయి, ఆవిడ ఎడమ చేత్తో దించి ఇచ్చింది. ఆ మాట కూడా అనేశాను.

ట్రెంట్‌కి తెలుగు రాదు. అయినా అందరూ అలమర వైపు చూస్తుంటే అతనూ చూశాడు. తర్వాత ఫోన్‌లోకి దిగిపోయాడు.

“ఏమైనా గానీ,” అన్నాను, “డాన్ ఒక్కటే అడగమన్నాడు. అలిసిపోయాడా, దెబ్బ తగిలిందా?”

ఆంటీ ట్రెంట్ కంచంలో అన్నం పెట్టి, గుంట చేసి, నెయ్యి పోసింది. కంచం అతనికి ఎడమ వైపు పెట్టింది.

“అలిసిపోయాడు,” అంది.

అంకుల్ ఊపిరి వదిలాడు. నాకూ కంచం పెట్టబోతే పనుందన్నాను. నిజానికి పనేమీ లేదు. ఆ ఇంట్లో ఇంకో నిమిషం ఉంటే ఏదో ఒకటి విరగ్గొట్టేలా ఉన్నాను. అడిగాను, జవాబొచ్చింది, డాన్‌కి ఒక ముక్క టైప్ చేస్తే ఒహాయోవాడు ఇంట్లో ఉంటాడు, ట్రెంట్ మేలో గ్రౌండ్‌కి వస్తాడు. వచ్చి, ఆ చేత్తో విసురుతాడు. నేను దాన్ని వీడియో తీస్తాను.

కారు స్టార్ట్ చేసి ఫోన్ తీశాను. ‘అలసట’ అని టైప్ చేసి పంపకుండా ఆగాను. అద్దం మీద ఎవరో కొట్టారు. ఆంటీ. స్వెట్టర్ లేదు, కాళ్లకి అవే రబ్బరు చెప్పులు. తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది.

చేతులు హీటర్ ముందు పెట్టింది. తర్వాత చెప్పింది. ఆగస్టులో ఒక రోజు ట్రెంట్ సీరియల్ డబ్బా దించుకోబోయి, భుజం పట్టుకుని కేక వేశాడట. టీమ్‌కి చెప్పొద్దు ఆంటీ, ప్లీజ్ అన్నాడట. ఇంట్లో పిల్లాడి నొప్పి ఇంట్లోనే ఉండాలి కదా అనిపించిందట ఆవిడకి. నూనె రాసింది, కాపడం పెట్టింది, కంచాలు కిందకి దించింది. తగ్గుతుందనుకుంది. మొన్న అతను చొక్కా తొడుక్కోలేక గుమ్మంలో తిప్పలు పడుతుంటే, వెనక నుంచి వెళ్లి చెయ్యి తొడిగిందట.

“పొడుగు చేతుల చొక్కా,” అంది. “మా మేడం నాకు తొడిగినట్టే.”

నేను ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టాను.

“నిజం చెప్తే ఈ ఏడు వాడికి జట్టు లేదు. అంతేగా?”

“అంతే. ఆ ఒక్క చోటు ఒహాయోవాడికి పోతుంది.”

“చెప్పకపోతే?”

“ఆడతాడు. ఎన్నాళ్లో తెలియదు.”

“నాకు తెలుసు,” అంది ఆంటీ.

నా ఫోన్ వైపు చూసింది. ఆటగాళ్లని వదిలేసేటప్పుడు వాళ్లకి ఎలా చెబుతారని అడిగింది. మెసేజ్ వస్తుందన్నాను, ఒక్కోసారి టీమ్ సామాన్లు చూసుకునే క్లబ్‌హౌస్ కుర్రాడు ఫోన్ చేస్తాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంటి వైపు తిరిగితే వంటింటి కిటికీలో ట్రెంట్ తల కనిపిస్తోంది, ఇంకా తింటున్నాడు.

ఇంగ్లీషులో తను మాట్లాడితే కర్రీ పాయింట్‌లో ఆర్డర్ తీసుకున్నట్టు ఉంటుందని, ఇలాంటి మాట ఆ ఇంగ్లీషులో చెప్పలేనని అంది. అంకుల్‌ని చెప్పమంటే మధ్యలో బెల్లం కలిపేస్తాడు. చెప్పొద్దన్నవాడికి ముందు చెప్పకుండా డాన్‌కి చెబితే ట్రెంట్ మళ్లీ తన చేతి అన్నం తినడు.

“అందుకని నువ్వు లోపలికి రా భానూ. వాడి ఎదురుగా కూర్చో, కూర్చోవడం నీకు రాకపోయినా సరే. నీ భుజం సంగతి డాన్‌కి చెప్పేస్తున్నానురా, ముందు నీకే చెప్తున్నా, అని నేను తెలుగులో చెప్తా. నువ్వు ఇంగ్లీషులో చెప్పు. నేనన్నది అన్నట్టే చెప్పు. వాడి మొహం చూసి మెత్తగా చెయ్యమాక.”