మూడక్షరాల్లో దిగబడ్డ బండి

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటాను. మాది మరిపెడ దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు, ఫౌజులో హిందీ. మూడు భాషలొచ్చినవాణ్ణి మూడక్షరాల దగ్గర బోల్తాపడ్డాను.

ఎక్కడైనా నడుస్తుందని ఒక కంపెనీ చెప్పిన సైనిక వాహనం నమూనాను పరీక్షించడానికి ఆరుగురం వచ్చాం. జనగామ మీదుగా ట్రాలీపై తెచ్చి, చెల్పూర్ దాటాక పత్తిచేల పక్కన ఉదయం ఏడింటికి దించాం. రెండు రోజుల వాన అప్పుడే వెలిసింది. నల్లరేగడి. బండి బరువు మూడు టన్నులు. నడిపేది నేను. నా పేరు చివర నాయక్, హోదా కూడా నాయక్. ఆ రెండోది హవల్దార్‌గా మారే కాగితం ఆ నెలలోనే రావాలి.

"ఆ బీడు దాటుతుందేమో ఊరివాళ్లని అడుగు," అన్నాడు మేజర్ సాబ్ హిందీలో.

గట్టు మీద ఒక ముసలామె సద్దిమూట పక్కన పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, గీ బీట్లకెల్లి బండి పోతదా?"

"పోతది బిడ్డా."

"జాయేగీ, సాబ్," అన్నాను.

నలభై అడుగులు వెళ్లింది. తర్వాత టైర్లే తిరిగాయి. ఇరుసుల దాకా కూరుకుపోయింది.

"పోతదంటివి కదవ్వా?"

"పోయింది కద, లోపటికి. మొన్న మా ట్రాక్టర్ సుత గట్లనే పాయె."

మూడు గంటలు పారలతో తవ్వాం. రెండు ట్రాక్టర్లు లాగితే బయటపడింది. చొక్కా ఇస్త్రీ నలగని కంపెనీ ఇంజనీరు ఈలోగా రిపోర్టులో మొదటి ప్రయత్నం వరస నింపేశాడు. కారణం: డ్రైవర్ పొరపాటు. అది ఫైలెక్కితే నేను రెండు నాయక్‌లతోనే రిటైరవుతాను.

"బండిలో లోపం లేదు సార్, నడపడం రావాలి," అంటున్నాడు మేజర్‌తో.

"నిజమే సాబ్, నాకు రాదు. ఒక్కసారి చూపించమనండి, నేర్చుకుంటాను," అన్నాను వినయంగా.

మేజర్ నవ్వాపుకుని తాళం ఆయన చేతిలో పెట్టాడు.

ముప్ఫై అడుగులే వెళ్లాడు. తలుపు తెరుచుకోక కిటికీలోంచి బురదలోకి దిగాడు, మోకాళ్ల దాకా.

"గీ సారుకు సుత నడపరాదా?" అంది అవ్వ, సద్ది ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఫలితం గడిలో 'పనికిరాదు' అని మేజర్ రాశాడు. రెండో ప్రయత్నం వరస నన్ను నింపమన్నాడు. కారణం దగ్గర డ్రైవర్ పొరపాటు అని రాసి, డ్రైవర్ పేరు దగ్గర ఇంజనీరు పూర్తి పేరు, డిగ్రీలతో సహా, గుండ్రటి అక్షరాల్లో పెట్టాను.

ఆయన చదివి, చాలాసేపు ప్యాంటు దులుపుకున్నాడు.

"ఆ మాట కొట్టేద్దాం."

"ఏ వరసలో సార్?"

"రెండిట్లోనూ."

ఆయన పెన్నుతో, ఆయన చేతే కొట్టించాను. నా వరస ముందు.