మడత పెట్టిన పేజీ

2023లో దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజది. పెనుకొండలో మాదొక చిన్న ప్రైవేటు బడి. నాలుగో తరగతికి తెలుగు చెబుతాను. పెద్దవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. అందుకే రాతపనులన్నీ నా దగ్గరికే వస్తాయి, ఆ ఏడు హెల్త్ రిజిస్టర్ కూడా వచ్చింది. సెలవుల్లో పిల్లలు ఎక్కడికి వెళ్లారో, అక్కడ ఎవరికైనా జ్వరం, పొక్కులు ఉన్నాయో తల్లిదండ్రులు స్లిప్పులో రాసి పంపాలి. వాటిని చూసి నేను రిజిస్టర్ నింపాలి.

ఆ ఏడు జాగ్రత్తకు కారణం ఉంది. లెక్కలు చెప్పే సల్మా మేడం ఐదో నెల గర్భిణి. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదు, టీకా కూడా వేయించుకోలేదు. ఇప్పుడు సోకితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని హిందూపురంలో డాక్టరు హెచ్చరించింది.

ముప్పై ఒక్క స్లిప్పులు వచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే జవాబు: ఎక్కడికీ పోలేదు. మరి పిల్లల దగ్గర ఈ కొత్త గాజులు, ఈ జాతర బొమ్మలు ఎక్కడివి? కారణం ఊహించగలను. అంతకుముందు కళ్లకలక వచ్చినప్పుడు పిల్లల్ని వారంపాటు ఇంటికి పంపేశాం. తల్లీతండ్రీ ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో అది చాలా కష్టం.

ఫోన్ చేసి అడిగే ధైర్యం లేక, తెలుగు పీరియడ్‌లో 'సెలవుల్లో నేను చూసినవి' అని వ్యాసం రాయమన్నాను. వ్యాసం కోసమే రాయించానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం నోట్సులు చదువుతుంటే కథల పుస్తకం దొరికినట్టయింది. ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఒకడు ఆమడగూరులో గొర్రెపిల్లకు పేరు పెట్టాడు. ఒకమ్మాయికి సోమందేపల్లిలో రెండు బస్సులు తప్పిపోయాయి. ఎర్రమంచి నుంచి వచ్చే పల్లవి ఇలా రాసింది: "ధర్మవరంలో పెద్దమ్మ ఇంట్లో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నా. అక్కకు అమ్మవారు పోసింది. వేపమండతో నేనే విసిరినా. ఎవరికీ చెప్పొద్దని అమ్మ చెప్పింది."

అమ్మవారు పోయడమంటే ఆటలమ్మే. జబ్బు ఒంట్లో చేరినప్పటి నుంచి బయటపడేదాకా పట్టే కాలాన్ని ఇంక్యుబేషన్ పీరియడ్ అంటారు. ఆటలమ్మకు అది పది రోజుల నుంచి మూడు వారాల దాకా ఉంటుంది. పైగా పొక్కులు కనిపించకముందే ఒకటి రెండు రోజులు ఇతరులకు అంటుకుంటుంది. సెలవులు మొదలవగానే వెళ్లొచ్చానని పల్లవి రాసింది; అంటే ధర్మవరం నుంచి వచ్చి పది రోజులైంది. మరుసటి రోజు రెండో పీరియడ్‌లో సల్మా మేడం లెక్కలు చెప్పడానికి పల్లవి తరగతికి రావాలి.

పొద్దున్నే నోట్సు తీసుకెళ్లి హెడ్‌మిస్ట్రెస్ ముందు పెట్టాను. ఆమె సల్మా మేడాన్ని స్టాఫ్‌రూములోనే ఆపి, పల్లవినీ, ఆమె తండ్రినీ పిలిపించింది. ఆయన కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. మొదట ఎక్కడికీ పోలేదన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ నోట్సు తెరిచి చూపించింది. ఆయన చదువుతూ చదువుతూ కూతురి వైపు తిరిగాడు.

"ఏం పాపా, చెప్పొద్దంటే చెప్పేసినావే?"

"నేను చెప్పలేదు నాయనా. రాసినా."

ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక నా వైపు చూశాడు. "ఇంట్లో చూసుకోను ఎవరుండారు మేడం? మేమిద్దరమూ పనికి పోతాండాం" అన్నాడు. పల్లవి కూడా నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు అర్థమైంది. పదేళ్లుగా డైరీ రాస్తున్నదాన్ని. నోటితో ఎవరికీ చెప్పలేనిదంతా కాగితం మీద పెట్టేదాన్ని. నా డైరీ ఎవరైనా ఇలా బల్ల మీద తెరిచి పెడితే ఆ ఇంట్లో మళ్లీ కలం పట్టను.

పల్లవిని ఇంటికి పంపేశాం, వాళ్ల అవ్వ వచ్చి తోడుంది. నాలుగో రోజు పల్లవికి పొక్కులు లేచాయి. సల్మా మేడంకు ఏమీ కాలేదు, తర్వాత ఆడపిల్ల పుట్టింది. స్టాఫ్‌రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు.

పొక్కులు ఎండి రాలాక పల్లవి తిరిగొచ్చింది. తర్వాతి వ్యాసంలో గైడులో ఉన్న వాక్యాలే ఎక్కించింది. ఒక్క తప్పూ లేదు, ఒక్క మాటా ఆమెది కాదు.

తర్వాతి సెలవులకు స్లిప్పు మార్చమని హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగాను. కాగితం మీద రాసివ్వలేదు, ఎదురుగా నిలబడే అడిగాను. ఇప్పుడు అందులో ముందు మా మాట ఉంటుంది: జబ్బు సంగతి చెప్పినవాళ్లకు హాజరు పోదు, పాఠాలు ఇంటికే వస్తాయి. మా ప్రశ్న ఆ తర్వాతే. గేటు దగ్గర నిలబడి తల్లిదండ్రుల్ని నేనే నోటితో అడుగుతాను. పిల్లలకూ ఒక మాట చెప్పాను. వ్యాసంలో ఎవరూ చదవకూడదనుకున్న పేజీని మడత పెట్టవచ్చు, నేను విప్పను.

వేసవి సెలవుల తర్వాత, ఐదో తరగతికి వెళ్లిన పల్లవి తన కొత్త నోట్సు నాకు చూపించడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. అందులో ఒక పేజీకి రెండు మడతలున్నాయి. వంగి నా చెవిలో అంది: "మా అవ్వకు వారం నుంచి దగ్గు, జొరం మేడం. ఇది మడతలో లేదు. ఊరికే చెప్తాండా."

అడిగి తెలుసుకోవాల్సింది అడిగే తెలుసుకోవాలని నాకు నేర్పింది ఆ పిల్లే. అవ్వ సంగతి రిజిస్టర్‌లో రాసుకున్నాను. మడత విప్పకుండానే దాని మీద ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి నోట్సు తిరిగి ఇచ్చాను.